జింకల వేటలో రైఫిలు క్యాలిబర్ ఎంపిక

జింకల వేటలో రైఫిలు క్యాలిబర్ ఎంపిక అనేది జింకల వేట చట్టసమ్మతమైన దేశాలలో వేటగాళ్ళకూ, వేట నిబంధనలను రూపొందించే ప్రభుత్వాలకూ ముఖ్యమైన అంశం. తుపాకీ శక్తి చాలకపోతే జింక గాయంతో తప్పించుకొని, అడవిలో ఎక్కడో గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి బాధపడి మరణిస్తుంది. శక్తి మరీ ఎక్కువైతే తుపాకీ వెనుకకు తన్నే తన్నుకు వేటగాడు బెదరి గురి తప్పుతాడు. అప్పుడు కూడా ఫలితం అదే. అందువలన జంతువును త్వరగా, తక్కువ బాధతో చంపగల శక్తి కలిగి, కాల్చేవాడు అదుపు చేసుకోగలిగిన తుపాకీయే తగిన తుపాకీ అని చెప్పవచ్చును. ఈ వ్యాసంలో ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పద్ధతులు, కొంతవరకు ఐరోపా చట్టాలు వివరించబడినవి. భారతదేశంలో జింకల వేట నిషిద్ధము.

పదాల వివరణ

జింక: తెలుగులో జింక అనే మాటను కొమ్ములు గల పలు అడవి జంతువులకు వాడుతారు. జంతుశాస్త్రం ప్రకారం దుప్పి, కణితి వంటివి అసలైన జింకల కుటుంబానికి చెందినవి. వీటిలో మగవాటికి శాఖలుగా చీలిన కొమ్ములు ఏటేటా రాలి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక ఈ కుటుంబానికి చెందదు. దాని కొమ్ములు రాలవు. ఈ వ్యాసంలో జింక అన్న మాట మొదటి కుటుంబానికే వర్తిస్తుంది.

రైఫిలు: గొట్టం లోపల మరచుట్టు ఆకారంలో గాడులు కోసిన తుపాకీ. ఈ గాడుల వలన గుండు తన చుట్టూ తాను తిరుగుతూ వెలువడి, దారి తప్పకుండా సూటిగా పోతుంది.

తూటా, గుండు: వ్యవహారంలో రెండింటినీ ఒకే అర్థంలో వాడినా, ఇవి వేరు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపలి మందు, కొనలో బిగించిన గుండు, ఈ నాలుగూ కలిసినది తూటా. తుపాకీ పేలినప్పుడు గొట్టం నుండి బయటకు వెళ్ళేది గుండు మాత్రమే.

క్యాలిబర్: స్థూలంగా గొట్టం లోపలి వ్యాసం, లేదా గుండు వ్యాసం. అమెరికా, బ్రిటన్‌లలో దీనిని అంగుళంలో భాగాలుగా, ఐరోపాలోని ఇతర దేశాలలో మిల్లీమీటర్లలో చెబుతారు. భారతదేశంలో దీనినే బోరు అని వ్యవహరిస్తారు.

గ్రెయిన్: గుండు బరువును, మందు బరువును తూచే ప్రమాణం. తెలుగునాట కంసాలులు గురిగింజ ఎత్తు బంగారం తూచినట్లే, ధాన్యపు గింజ బరువు నుండి పుట్టిన కొలత ఇది. ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు.

పేర్లలోని చిక్కు

క్యాలిబర్ పేర్లకు ఒక నియమమంటూ లేదు. కొత్తగా నేర్చుకొనేవారు మొదట తికమకపడేది ఇక్కడే. .30-30 వించెస్టర్‌లో మొదటి సంఖ్య క్యాలిబర్‌ను, రెండవది తొలినాళ్ళలో అందులో నింపిన మందు బరువును గ్రెయిన్లలో సూచిస్తాయి. .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రెండవ సంఖ్య మందు బరువు కాదు. అమెరికా సైన్యం ఆ తూటాను స్వీకరించిన 1906వ సంవత్సరం. .270 వించెస్టర్ గుండు అసలు వ్యాసం 0.277 అంగుళాలు. ఒకే తూటాకు రెండు పేర్లు ఉండడమూ కలదు. ఉదాహరణకు జర్మనీకి చెందిన 7×57 మౌజర్‌నే బ్రిటన్‌లో .275 రిగ్బీ అన్నారు. కుమావూఁ ప్రాంతంలో నరమాంసభక్షక పులులను వేటాడిన జిమ్ కార్బెట్ ఈ క్యాలిబర్ రైఫిలును వాడినాడు.

.30-30, .308 వించెస్టర్, .30-06, .300 వించెస్టర్ మ్యాగ్నం తూటాలన్నింటి గుండ్ల వ్యాసం 0.308 అంగుళాలే. అయినా గుల్ల పరిమాణం, మందు పరిమాణం వేరు కావడం వలన వాటి శక్తిలో చాలా తేడా ఉన్నది. కనుక క్యాలిబర్ ఎంపిక అంటే వాస్తవానికి వ్యాసాన్ని మాత్రమే కాక మొత్తం తూటాను ఎంపిక చేయడమే.

గుండు జంతువును చంపే విధానం

గుండు తగిలిన దెబ్బ బరువుకు జంతువు కూలిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. గుండు గుండెనో, ఊపిరితిత్తులనో, వాటి పెద్ద రక్తనాళాలనో చీల్చినప్పుడు రక్తస్రావం వలన, ఊపిరితిత్తులు ముడుచుకొనిపోవడం వలన మెదడుకు ప్రాణవాయువు అందక జంతువు స్పృహ కోల్పోయి మరణిస్తుంది. సరిగా గుండె మీద తగిలిన జింక కూడా కొన్ని క్షణాలపాటు, 50 నుండి 100 మీటర్ల దూరం వరకు పరుగెత్తి పడిపోవడం సాధారణం.

మధ్యస్థ పరిమాణం గల జింకలో, ముందుకాలి వెనుక ఛాతీలో ఉండే ఈ ప్రాణస్థానం సుమారు 8 అంగుళాల వ్యాసం గల వృత్తమని వేట శిక్షణలో చెబుతారు. గుండు ఈ వృత్తంలో తగలాలి, తగిలిన తరువాత తగినంత లోతుకు దిగాలి, దిగుతూ విచ్చుకోవాలి. పొట్టలో గాని, కాలికి గాని తగిలిన గుండు ఎంత పెద్దదైనా జంతువును త్వరగా చంపదు.

ఎంపికకు ఆధారమైన అంశాలు

1. జంతువు పరిమాణం

జింకలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. ఐరోపాలోని రో జింక బరువు 15 నుండి 35 కిలోలు మాత్రమే. అమెరికాలో ఎక్కువగా వేటాడే తెల్లతోక జింకలో మగది సాధారణంగా 45 నుండి 135 కిలోల వరకు ఉంటుంది. ఉత్తరాది చలి ప్రాంతాలలోనివి దక్షిణాదివాటికంటే పెద్దవి. ఐరోపా ఎర్రజింక మగది 160 నుండి 240 కిలోల వరకు, అమెరికా ఎల్క్ మగది 300 కిలోలకు పైగా తూగవచ్చును. రో జింకకు చాలిన తూటా ఎల్క్‌కు చాలదు.

2. గుండు శక్తి

కదిలే గుండుకు గతిజశక్తి ఉంటుంది. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే ఇది లభిస్తుంది. ఉదాహరణకు .308 వించెస్టర్‌లోని 150 గ్రెయిన్ల గుండు బరువు 9.72 గ్రాములు, అనగా 0.00972 కిలోలు. గొట్టం నుండి వెలువడేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 860 మీటర్లు. లెక్క కడితే శక్తి సుమారు 3590 జౌళ్ళు. వేగాన్ని రెట్టింపు చేస్తే శక్తి నాలుగు రెట్లగును.

జింకకు తగిలే చోట గుండుకు కనీసం 1000 అడుగు-పౌన్ల శక్తి, అనగా సుమారు 1356 జౌళ్ళు, ఉండాలన్నది అమెరికాలో ప్రచారంలో ఉన్న ఒక లెక్క. ఇది ప్రకృతి నియమం కాదు, అనుభవం నుండి పుట్టిన మోటు కొలత. శక్తి ఎక్కువైనంత మాత్రాన తప్పిన గురి ఒప్పు కాదు.

3. గుండు నిర్మాణం

అనుభవజ్ఞులు క్యాలిబర్ కంటే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే అంశం ఇది. సైనిక గుండ్లకు చుట్టూ గట్టి లోహపు తొడుగు ఉంటుంది. అవి శరీరంలో విచ్చుకోక సన్నని రంధ్రం చేసి బయటకు పోవచ్చును. అందువలన జింకల వేటకు ఇటువంటి గుండ్లను అనేక ప్రభుత్వాలు నిషేధించినవి. వేట గుండుకు కొన మెత్తగా గాని, బోలుగా గాని ఉంటుంది. తగిలినప్పుడు అది పుట్టగొడుగులా విచ్చుకొని వెడల్పైన గాయం చేస్తుంది. మరీ త్వరగా విచ్చుకొని ముక్కలైతే లోతుకు దిగదు. అసలు విచ్చుకోకపోతే గాయం చాలదు. ఈ రెండింటి నడుమ సమతూకం సాధించడమే గుండు తయారీలోని నేర్పు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. 1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడు కెనడాలో మూస్ అనే పెద్ద జంతువును వేటాడినప్పుడు, చాలా శక్తివంతమైన .300 క్యాలిబర్ రైఫిలు వాడినప్పటికీ గుండ్లు సరిగా లోతుకు దిగలేదు. లోపం క్యాలిబర్‌లో కాక గుండులో ఉన్నదని గ్రహించి, ఆయన గుండు మధ్యలో అడ్డుగోడ ఉండేలా కొత్త నిర్మాణాన్ని రూపొందించినాడు. దీనిలో ముందు సగం విచ్చుకుంటుంది, వెనుక సగం చెక్కుచెదరక లోతుకు దిగుతుంది. పార్టిషన్ అనే పేరుతో 1948 నుండి అమ్మకానికి వచ్చిన ఈ గుండు నేటికీ వాడుకలో ఉన్నది.

4. దూరం, గుండు పథం

గొట్టం నుండి వెలువడిన క్షణం నుండే గుండు భూమ్యాకర్షణ వలన కిందికి పడుతూ ఉంటుంది. గాలి నిరోధం వలన దాని వేగం తగ్గుతుంది. 100 గజాల దూరానికి గురి సరిచేసిన .308 రైఫిలులో 150 గ్రెయిన్ల గుండు 200 గజాల వద్ద సుమారు 4 అంగుళాలు, 300 గజాల వద్ద 14 నుండి 15 అంగుళాలు కిందుగా తగులుతుంది. అదే విధంగా సరిచేసిన .30-30లో 200 గజాలకు సుమారు 8 అంగుళాలు, 300 గజాలకు 30 అంగుళాల వరకు దిగుతుంది. ప్రాణస్థానం వెడల్పే 8 అంగుళాలని గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. దట్టమైన చెట్ల నడుమ 100 గజాల లోపున వేటాడే చోట .30-30 సరిపోతుంది. విశాలమైన పశ్చిమ మైదానాలలో అది చాలదు.

5. తుపాకీ తన్ను

గుండు ఎంత బలంగా ముందుకు పోతే తుపాకీ అంత బలంగా వెనుకకు తన్నుతుంది. ఇది న్యూటన్ మూడవ నియమానికి పాఠశాల పుస్తకాలలో చూపే ఉదాహరణే. .308 తన్ను .243 తన్నుకు దాదాపు రెట్టింపు ఉంటుంది. .300 వించెస్టర్ మ్యాగ్నం తన్ను, కొంత బరువైన రైఫిలులో కూడా, .243కు రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. పలుమార్లు భుజానికి దెబ్బ తగిలిన వ్యక్తి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకోవడం, భుజం వెనుకకు గుంజుకోవడం అలవాటు చేసుకుంటాడు. ఈ బెదురు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం కష్టం. దాని ఫలితంగా గుండు ఛాతీకి బదులు పొట్టకు తగులుతుంది. కొత్తవారికి, చిన్న వయసువారికి తక్కువ తన్ను గల తూటాలను సూచించడానికి కారణం ఇదే. తుపాకీ బరువు ఎక్కువైనా, మడమకు మెత్తని రబ్బరు దిండు ఉన్నా తన్ను కొంత తగ్గుతుంది.

జింకల వేటలో ప్రసిద్ధమైన తూటాలు

కింద ఇచ్చిన వేగం, శక్తి గొట్టం వద్ద సుమారు విలువలు. తయారీదారును బట్టి, గొట్టం పొడవును బట్టి ఇవి మారుతాయి.

.223 రెమింగ్టన్ (1964): 55 గ్రెయిన్ల గుండు, సెకనుకు 988 మీటర్లు, 1740 జౌళ్ళు. మొదట చిన్న జంతువులకు ఉద్దేశించినది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు జింకలకు అనుమతించగా మరికొన్ని నిషేధించినవి.

.243 వించెస్టర్ (1955): 100 గ్రెయిన్లు, 902 మీటర్లు, 2640 జౌళ్ళు. .308 గుల్ల మెడను సన్నబరచి తయారు చేసినది. తన్ను తక్కువ. కొత్తవారికి తరచుగా సూచించే తూటా.

.30-30 వించెస్టర్ (1895): 150 గ్రెయిన్లు, 728 మీటర్లు, 2580 జౌళ్ళు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 నమూనా వించెస్టర్ రైఫిలు ద్వారా ప్రసిద్ధి పొందినది. దగ్గరి దూరాలకు అనువైనది.

6.5 క్రీడ్‌మూర్ (2007): 143 గ్రెయిన్లు, 823 మీటర్లు, 3140 జౌళ్ళు. మొదట దూరపు లక్ష్యాల పోటీలకు రూపొందించినా, సన్నగా పొడవైన గుండు గాలి నిరోధాన్ని బాగా తట్టుకోవడం వలన, తన్ను మితంగా ఉండడం వలన వేటలోనూ ఆదరణ పొందినది.

.270 వించెస్టర్ (1925): 130 గ్రెయిన్లు, 933 మీటర్లు, 3660 జౌళ్ళు. జాక్ ఓకానర్ అనే రచయిత వ్యాసాల వలన విశేషంగా ప్రచారం పొందినది. గుండు పథం చదునుగా ఉంటుంది.

.308 వించెస్టర్ (1952): 150 గ్రెయిన్లు, 860 మీటర్లు, 3590 జౌళ్ళు. నాటో కూటమి 1954లో స్వీకరించిన 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటాకు సోదరి వంటిది.

.30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ (1906): 180 గ్రెయిన్లు, 823 మీటర్లు, 3950 జౌళ్ళు. రెండు ప్రపంచయుద్ధాలలో అమెరికా సైన్యపు తూటా. జింక నుండి ఎల్క్ వరకు అన్నింటికీ వాడుతారు. తన్ను ఎక్కువ.

ఈ జాబితాలో .243 మొదలుకొని .30-06 వరకు ఏ తూటా అయినా, దానికి తగిన దూరంలో, మంచి గుండుతో, సరైన చోట తగిలితే తెల్లతోక జింకను త్వరగా చంపగలదు. వీటి నడుమ ఉన్న తేడాల కంటే కాల్చేవారి అభ్యాసంలోని తేడా ఎక్కువ ప్రభావం చూపుతుంది.

చట్టపరమైన కనీస పరిమితులు

గాయపడిన జంతువుల బాధను తగ్గించాలనే ఉద్దేశంతో అనేక ప్రభుత్వాలు కనీస ప్రమాణాలు నిర్ణయించినవి.

కొలరాడో (అమెరికా): క్యాలిబర్ కనీసం .24, విచ్చుకొనే గుండు, జింకకు కనీసం 70 గ్రెయిన్లు, ఎల్క్, మూస్‌లకు 85 గ్రెయిన్ల బరువు, 100 గజాల దూరంలో 1000 అడుగు-పౌన్ల శక్తి ఉండాలి.

ఇంగ్లండు, వేల్స్: 1991 జింకల చట్టం ప్రకారం క్యాలిబర్ .240 అంగుళాలకు, గొట్టం వద్ద శక్తి 1700 అడుగు-పౌన్లకు (2305 జౌళ్ళు) తగ్గరాదు. గుండు కొన మెత్తగా గాని బోలుగా గాని ఉండాలి. ముంట్జాక్, చైనా నీటిజింక వంటి చిన్న జాతులకు 2007లో ఈ పరిమితులను సడలించినారు.

జర్మనీ: రో జింకకు 100 మీటర్ల దూరంలో కనీసం 1000 జౌళ్ళు, పెద్ద జింకలకు కనీసం 6.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 100 మీటర్ల వద్ద 2000 జౌళ్ళు అవసరం.

ఒకే సమస్యకు ఒక్కొక్కరు ఒక్కొక్క కొలబద్దను ఎంచుకోవడం గమనించదగినది. ఇంగ్లండు గొట్టం వద్ద శక్తిని కొలవగా, జర్మనీ, కొలరాడోలు జంతువుకు తగిలే దూరానికి దగ్గరగా కొలిచినవి. కొలరాడో గుండు బరువును కూడా చేర్చినది.

అమెరికాలో జనసాంద్రత గల మధ్య పశ్చిమ రాష్ట్రాలు కొన్నింటిలో కనీస పరిమితే కాక మరొక రకం నిబంధన కూడా ఉన్నది. అక్కడి చదునైన పొలాలలో గుండు చాలా దూరం పోయి ప్రమాదం కలిగించవచ్చునని, సాధారణ రైఫిళ్ళకు బదులు షాట్‌గన్‌లను మాత్రమే అనుమతించేవారు. తరువాత ఒహాయో వంటి రాష్ట్రాలు గుల్ల నిటారుగా ఉండే, తక్కువ దూరం పోయే తూటాలను అనుమతించినవి. 2019లో వచ్చిన .350 లెజెండ్ ఇటువంటి నిబంధనలను దృష్టిలో ఉంచుకొని తయారైనదే.

సీసపు గుండ్ల సమస్య

సంప్రదాయ వేట గుండ్లలో సీసం ఉంటుంది. గుండు విచ్చుకున్నప్పుడు సీసపు తునకలు మాంసంలో చెదురుతాయి. వేటగాళ్ళు వదిలివేసిన పేగులు, కళేబరాలు తిన్న రాబందులు, గద్దలు విషానికి గురవుతాయి. అంతరించే దశకు చేరిన కాలిఫోర్నియా కాండర్ అనే రాబందుకు ఇది పెద్ద ముప్పుగా గుర్తించబడినది. కాలిఫోర్నియా రాష్ట్రం 2013లో చేసిన చట్టం ద్వారా 2019 జూలై 1 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించినది. డెన్మార్క్ 2024లో రైఫిలు తూటాలకు కూడా ఈ నిషేధాన్ని వర్తింపజేసినది.

రాగి గుండ్లు ఇందుకు ప్రత్యామ్నాయం. సీసం కంటే రాగి సాంద్రత తక్కువ కనుక అదే బరువు గల రాగి గుండు పొడవుగా ఉంటుంది. అది విచ్చుకోవడానికి తగినంత వేగం కూడా అవసరం. అందువలన రాగి గుండు వాడేవారు సాధారణంగా కొంచెం తేలికైనదాన్ని ఎంచుకుంటారు. క్యాలిబర్ ఎంపికలో ఇది కొత్తగా చేరిన అంశం.

భద్రత

రైఫిలు గొట్టంపై చెక్కిన పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు ఒకటే కావాలి. చూపులకు దగ్గరగా ఉన్నవి కూడా ప్రమాదకరమే. .300 బ్లాకవుట్ తూటాను .223 రైఫిలులో పెట్టి పేల్చితే తుపాకీ పగిలి కాల్చేవానికి తీవ్ర గాయాలు కావచ్చును. ఏ క్యాలిబర్ రైఫిలు గుండైనా కిలోమీటర్ల దూరం పోగలదు. కనుక జింక వెనుక గట్టు గాని, కొండవాలు గాని ఉండి గుండును ఆపగలదని నిశ్చయించుకొన్న తరువాతనే కాల్చవలెనన్నది వేట శిక్షణలో మొదటి పాఠాలలో ఒకటి.

భారతదేశంలో పరిస్థితి

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణితి, కొండగొర్రె మొదలైన జింకలను వేటాడడం నేరం. జైలుశిక్ష, జరిమానా రెండూ ఉన్నాయి. దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఆయుధాల చట్టం కింద లైసెన్సు పొందినవారు కలిగి ఉండే .315 బోరు రైఫిలు ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలలో తయారవుతుంది. ఆస్ట్రియాకు చెందిన 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా దీనికి మూలం. .303 వంటి సైనిక బోర్లు పౌరుల చేతిలో ఉండరాదనే బ్రిటిషు కాలపు విధానం వలన ఇది భారతదేశంలో వ్యాప్తిలోకి వచ్చినది. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్లు కాదు.

అమెరికాలో నివసించే తెలుగువారు గమనించవలసిన విషయం ఒకటి కలదు. విద్యార్థి వీసా, ఉద్యోగ వీసా వంటి వలసేతర వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని అక్కడి సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధించినది. ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు ఉన్నది. దీనికి తోడు ఆయా రాష్ట్రాల నిబంధనలు కూడా వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

తుపాకి
దుప్పి
కణితి
కృష్ణజింక
జిమ్ కార్బెట్
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
న్యూటన్ గమన నియమాలు